ఫార్మాట్ కొట్టినం, తీస్కపోండ్రి

మెదక్‌లో ఎవరింట్లోనైనా కంప్యూటర్ కాస్త నెమ్మదించిందంటే పక్కింటాయన, బామ్మర్ది, జిరాక్స్ సెంటర్ అతను, అందరూ ఒకే మందు చెబుతారు: "ఫార్మాట్ కొట్టియ్యి." ప్రింటర్ పలకలేదా, ఫార్మాట్. నెట్ రాలేదా, ఫార్మాట్. మౌస్ పాడైనందుకు ఫార్మాట్ కొట్టించుకుని పోయినవాళ్లను కూడా నేను కళ్లారా చూశాను. పోతూ పోతూ కొత్త మౌస్ కొనుక్కున్నారనుకోండి, అది వేరే సంగతి.

ఊరికి ఈ మందు అలవాటు చేసింది మా దుకాణాల వాళ్లమే. చౌరస్తా దగ్గరి ఒక కంప్యూటర్ దుకాణంలో నా వయసంతా గడిచింది. అందరూ నన్ను శంకరన్న అంటారు. ఈ మధ్యే పని మానేశాను. ఈ పనిలోకి కొత్తగా వస్తున్న పిల్లలు అప్పుడప్పుడు ఇంటికొచ్చి "జర ఏమన్న చెప్పు అన్నా" అంటారు. వాళ్ల కోసం ఇది రాస్తున్నాను. మదర్‌బోర్డుల సంగతి, ర్యాముల సంగతి వీడియోలు చూసి మీరే నేర్చుకుంటారు. వాటిల్లో ఎవరూ చెప్పనిది ఒకటుంది. దాన్ని కోపంగానే చెబుతాను. కోపం చల్లారాక రాద్దామని కొన్నాళ్లు ఆగి చూశాను. చల్లారలేదు.

సున్నం వేయడమా, సామాను పారేయడమా

ముందు విషయం తేటగా చెప్పాలి. ఏళ్ల తరబడి ఈ పని చేసినవాళ్లు కూడా దీన్ని కస్టమర్‌కు సరిగ్గా చెప్పరు.

కంప్యూటర్‌ను నడిపించే మూల ప్రోగ్రాం ఒకటి ఉంటుంది. అది కొన్నేళ్లకు పాతబడుతుంది. దాన్ని తయారుచేసినవాళ్లు ఇక దీన్ని పట్టించుకోం, కొత్తది వేసుకోండి అంటారు. వేసుకోవడానికి రెండు దారులు. పాతదాని మీదే కొత్తది ఎక్కించడం ఒకటి. దాన్ని అప్‌గ్రేడ్ అంటారు. మన ఫైళ్లు, ప్రోగ్రాములు, మన చేతికి తగ్గట్టు చేసుకున్న అమరికలు అన్నీ ఉన్నచోటే ఉంటాయి. ఉన్నదంతా తుడిచేసి మొదటి నుంచి వేయడం రెండోది. దాన్ని క్లీన్ ఇన్‌స్టాల్ అంటారు. మా దుకాణాల్లో ఫార్మాట్ అంటే అదే. ఇంట్లో సామాను ఉండగానే సున్నం వేయించుకోవడం మొదటిదైతే, సామానంతా బయట పారేసి ఇల్లు కడగడం రెండోది.

రెండింట్లో ఏది మంచిదని అందరూ అడుగుతారు. కొన్నిటికి అది మంచిది, కొన్నిటికి ఇది మంచిది. అప్‌గ్రేడ్‌కు ఓపిక కావాలి. మధ్యలో ఆగిపోతుంది, డిస్కులో జాగా చాలదంటుంది, ఎప్పటిదో ప్రింటర్ దగ్గర మొరాయిస్తుంది. పాత చెత్త కూడా కొత్తదాంట్లోకి వచ్చి కూర్చుంటుంది. ఫార్మాట్‌కు ఆ బాధ లేదు. పెన్‌డ్రైవ్ పెట్టి, నాలుగు నొక్కులు నొక్కి, చాయ్ తాగి వచ్చేసరికి పని అయిపోతుంది. సిస్టం తళతళలాడుతుంది. కస్టమర్ సంతోషంగా తీసుకుపోతాడు. అందుకే దుకాణాలకు ఫార్మాట్ అంటే అంత ప్రేమ. మిషనుకు ఏది మంచిదో చూసి కాదు, బల్ల తొందరగా ఖాళీ అవుతుందని.

ఇంకోటి. డిస్కును రెండు ముక్కలు చేసి ఒకదానికి సీ అని, ఇంకోదానికి డీ అని పేరు పెడతాం. మూల ప్రోగ్రాం సీలో ఉంటుంది. ఫార్మాట్ కొట్టే ముందు ప్రతి దుకాణంలోనూ కస్టమర్‌కు ఒకే మాట చెబుతారు: "సీ పోతది, డీ ఉంటది." వినడానికి నిజంలాగే ఉంటుంది. కానీ మనుషులు కళ్లెదురుగా ఉండాలని డెస్క్‌టాప్ మీద పెట్టుకునేదంతా సీలోనే ఉంటుందని ఎవరు చెప్పారు వాళ్లకు? ఎవరి కంటికీ కనిపించకుండా దాచిన ఫోల్డర్లు కొన్ని సీలో ఉంటాయనీ, మన అమరికలన్నీ వాటిలోనే రాసి ఉంటాయనీ ఎవరు చెప్పారు? ఎవరూ చెప్పలేదు. చెబితే చాయ్ చల్లారిపోతుంది కదా!

మా సేఠ్

మా యజమాని వెంకటేశం సేఠ్. మనిషి మంచివాడే. నాకు జ్వరమొస్తే దవాఖానకు తీసుకుపోయి పక్కన కూర్చున్నాడు. ఆకలితో ఎవరొచ్చినా టిఫిన్ తెప్పించేవాడు. ఇదంతా నిజం. ఇదంతా నిజం కాబట్టే నాకు ఇంకా మంట. అంత మంచి మనిషి మిషను ముందు కూర్చున్నాక దానికొక మనిషి ఉంటాడన్న సంగతే మరిచిపోయేవాడు.

"దీంట్ల ఏమేం ఉన్నయో అడుగుదాం సేఠ్" అని మొదట్లో నేనంటే నవ్వేవాడు.

"అడిగితె ఆలస్యమైతది శంకరం. అడుగుతనే వాల్లు యాదికి తెచ్చుకుంటరు. పెండ్లి ఫోటోలంటరు, బిడ్డకు ఫోన్ చేస్తరు, అల్లునికి ఫోన్ చేస్తరు. దుకాణం నడుపాల్నా, గీ ముచ్చట్లు వినాల్నా?"

ఆయనకు ఇంకో పద్ధతి ఉండేది. మిషనును మోసుకొచ్చినవాడే కస్టమర్. మన దగ్గర కంప్యూటర్‌ను దుకాణానికి తెచ్చేది మగవాళ్లే. స్కూటర్ మీద కాళ్ల మధ్య పెట్టుకుని తెస్తారు, లేదంటే ఆటోలో ఒళ్లో పెట్టుకుని తెస్తారు. ఇంట్లో దాని ముందు కూర్చునేది మాత్రం చాలాసార్లు భార్యో, చెల్లెలో, కోడలో. వాళ్లు ఇంట్లో ఉంటారు. తెచ్చినాయనను "అన్ని డీల ఉన్నయా?" అంటే "ఆఁ, ఉంటయి" అంటాడు. ఆయనకేం తెలుసు? ఇంట్లో పప్పు డబ్బా ఎక్కడుందో తెలియని మనిషికి ఫైల్ ఎక్కడుందో తెలుస్తుందా? ఆ ఒక్క "ఉంటయి" అనే మాట మీద ఎంతమంది పని గంగలో కలిసిందో.

మాణిక్‌రెడ్డి సారు పేకాట

నేను అప్‌గ్రేడ్ పక్షమనీ ఫార్మాట్‌కు విరోధిననీ అనుకోకండి. ఎల్దుర్తిలో మాణిక్‌రెడ్డి అని పెద్ద రైతు ఉన్నాడు. ఆయన ఇంటి కంప్యూటర్‌కు అసలు మందు ఫార్మాటే. ఆయన మాత్రం ససేమిరా అన్నాడు.

"నా మిషన్‌కు ఫార్మాట్ పేరు ఎత్తినవంటె మంచిగుండదు శంకరన్నా. అప్‌గ్రేడ్ చేస్తె చెయ్యి, లేకుంటె పో."

చేశాను. అందులో మూడు రకాల యాంటీవైరస్‌లు ఒకదాన్నొకటి కొట్టుకుంటున్నాయి. అవి కొత్తదాంట్లోకి కూడా వచ్చి అక్కడా కొట్టుకున్నాయి. ఆన్ చేసి పొలానికి పోయి వచ్చినా తెరుచుకోదు. ఆయన ఫోన్ చేసి నన్ను తిట్టేవాడు. నేను ఫార్మాట్ అనేవాడిని. మళ్లీ తిట్టేవాడు.

చివరికి ఒకరోజు పనిగట్టుకుని ఎల్దుర్తి పోయి ఆయన ఇంట్లో కూర్చున్నాను. "ఈ మిషన్ మీద ఎవరెవరు పని చేస్తారు సారూ?" అని అడిగాను. వంటింట్లోంచి ఆయన భార్య వచ్చింది. "కోడలు కుట్టు డిజైన్లు దింపుకున్నది నాయినా, గవి పోవద్దు" అంది. ఎక్కడున్నాయో చూపించింది. అంతా రాసుకున్నాను. ఇంకేమైనా ఉన్నాయా అంటే సారు లేదన్నాడు. ఆమె లోపలికి పోయాక కుర్చీ దగ్గరికి జరిపి గొంతు తగ్గించాడు.

"పేకాట ఉన్నది గదా దాంట్ల, ఒక్కన్ని ఆడేది. గెలిచిన లెక్కలు మస్తుగున్నయి. గవి పోతయా?"

అదీ సంగతి! ఊరంతా భయపడే మనిషి, ఇన్నాళ్లూ నన్ను తిట్టింది పేకాట గెలుపుల కోసం. నవ్వు ఆపుకోవడం నా వల్ల కాలేదు. ఆయన కూడా నవ్వేశాడు. ఆ లెక్కలు సీలోనే, కంటికి కనిపించని ఫోల్డర్లో ఉన్నాయి. ముందు వాటిని పెన్‌డ్రైవ్‌లోకి తీశాను, డిజైన్లు తీశాను, తర్వాత ఫార్మాట్ కొట్టాను, అన్నీ మళ్లీ ఎక్కడివక్కడ పెట్టాను. మిషను గుర్రంలా నడిచింది. పక్కన కూర్చుని అడిగితే ఫార్మాట్ అంత మంచి పని ఇంకోటి లేదు. మనిషికి ఏది ముఖ్యమో మనం కూర్చున్నచోట నుంచి తెలియదు. పేకాటైనా సరే, అది వాళ్లది.

వైరస్ తిన్నదట

కౌడిపల్లిలో పుష్పలత అని ఒకామె ఇంట్లోనే శుభలేఖలు టైపు చేసి ఇచ్చేది. ఆమె భర్త సిస్టం తెచ్చాడు. సేఠ్ అడగలేదు, కొట్టేశాడు. ఫైళ్లు డీలోనే ఉన్నాయి, భద్రంగా ఉన్నాయి. కానీ తెరిచి చూస్తే తెలుగు లేదు, పిచ్చి పిచ్చి ఇంగ్లీషు అక్షరాలు, గుర్తులు. అవి పాతకాలపు తెలుగు ఫాంటులో కొట్టిన ఫైళ్లు. ఆ ఫాంటు సీలో ఉండేది, సీతోపాటు పోయింది. ఫాంటు మళ్లీ వేస్తే తెలుగు తిరిగి వస్తుంది. అంతకుమించి ఏమీ లేదు. సేఠ్ ఆ గుర్తులు చూసి "వైరస్ తిన్నది" అని తేల్చేశాడు. మిగిలిన సిస్టంకు అంటుకుంటుందని ఆ ఫైళ్లన్నీ తీసేశాడు. మళ్లీ దొరకకుండా శుభ్రంగా తీసేశాడు.

నేను బయట పని చూసుకుని వచ్చేసరికి ఆమె ఫోన్‌లో ఉంది. ఏడవడం లేదు, అరవడం లేదు. అది ఇంకా కష్టం.

"ఫాంట్ వెయ్యాలె అన్నా, గంతే. నాకు ఒక్క ఫోన్ చేస్తె చెప్తుంటి గదా."

కౌడిపల్లి చుట్టుపక్కల ఎన్ని ఇళ్ల పెళ్లిళ్లు ఆమె చేతి మీదుగా పోయాయో! సేఠ్ ఆమె భర్తకు చాయ్ తాగించి పంపాడు. నేను అప్పుడు గట్టిగానే కొట్లాడాను. రెండు రోజులు మాట్లాడుకోలేదు. మూడోనాడు ఆయనే టిఫిన్ తెప్పించి నా ముందు పెట్టాడు. దుకాణం మామూలుగా నడిచింది. మామూలుగా నడవడమే నాకు ఇప్పటికీ మింగుడుపడదు.

శారద

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను.

నవాబుపేటలో శారద అనే అమ్మాయి ఉంది. పుట్టుకతోనే చూపు లేదు. డిగ్రీ చదివింది. తల్లి, అన్న శ్రీశైలంతో ఉంటుంది. శ్రీశైలం ఆటో నడుపుతాడు, చెల్లెలంటే ప్రాణం. ఆమె కంప్యూటర్ నేనే బిగించాను. స్క్రీన్ మీద ఉన్నదాన్ని చదివి వినిపించే ప్రోగ్రాం ఒకటుంటుంది. చూపులేనివాళ్లు చెవితో వింటూ కీబోర్డుతో అన్ని పనులూ చేస్తారు. శారద ఆ గొంతును ఎంత వేగంగా పెట్టుకునేదంటే నాకు ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు. ఆమె ఇంట్లో మానిటర్ ఎప్పుడూ ఆపేసే ఉంటుంది. "కరెంటు దండగ గదా అంకుల్" అని నవ్వేది.

హైదరాబాద్‌లోని ఒక కంపెనీ వాళ్లు ఆమెకు ఇంటి నుంచే పని ఇచ్చారు. రైతులు ఫోన్ చేసి పంటకు తెగులొచ్చిందంటే ఏ మందు కొట్టాలో చెప్పే పని. ఒక చెవిలో రైతు మాట్లాడతాడు, ఇంకో చెవిలో కంప్యూటర్ ఆ రైతు ఊరు, పంట, ఇంతకుముందు అడిగిన సంగతులు చదువుతుంది. కొన్నాళ్లు నేర్పాక పరీక్ష పెట్టి, నెగ్గితే ఉద్యోగం ఖాయం చేస్తారు. ఆమెకు అది మొదటి ఉద్యోగం. చూపు లేదని అంతకుముందు ఎన్ని చోట్ల పొమ్మన్నారో నాకు తెలుసు. ఒకటి రెండు చోట్లకు శ్రీశైలంతోపాటు నేనూ పోయాను.

కంపెనీ వాళ్ల ప్రోగ్రాంలో ఒక పెద్ద లోపం ఉండేది. అందులోని బటన్లకు పేర్లు పెట్టలేదు. చూపున్నవాడికి బొమ్మ కనిపిస్తుంది కాబట్టి ఇబ్బంది లేదు. చదివే గొంతు మాత్రం ప్రతిదాన్నీ "బటన్" అంటుంది. ఈమె ఒక్కొక్కటి నొక్కి, ఏం జరుగుతుందో చూసుకుని, అక్కడ పనిచేసేవాళ్లను అడిగి, తన ప్రోగ్రాంలో ప్రతి బటన్‌కూ పేరు నేర్పింది. ఇది పంట, ఇది మందు, ఇది కాల్ ఆపి ఉంచేది, ఇది కాల్ పెట్టేసేది. రోజూ కూర్చుని కట్టుకున్న పని అది. దాని అమరికంతా సీలో, దాచిన ఫోల్డర్లో ఉంది.

పరీక్షకు ముందు కంపెనీ వాళ్లు కబురు పెట్టారు: పాత మూల ప్రోగ్రాం ఉంటే కుదరదు, కొత్తదానికి మారండి. శారద నాకు ఫోన్ చేసింది. "అప్‌గ్రేడ్ చేద్దాం బిడ్డా, అన్నీ ఉన్నయి ఉన్నట్టే ఉంటయి. శనివారం మనోహరాబాద్‌ల పెండ్లి ఉంది, ఆదివారం పొద్దుగాల నేనే ఇంటికొస్త" అన్నాను. పరీక్ష సోమవారం. ఆమె మిషను కొత్తదే, అప్‌గ్రేడ్ హాయిగా ఎక్కేది.

శనివారం శారద స్నానానికి పోయినప్పుడు శ్రీశైలం ఆ మిషనును ఆటోలో పెట్టుకుని దుకాణానికి తెచ్చాడు. చెల్లెలు పరేషాన్ అవుతోంది కదా, సాయంత్రానికల్లా అయిపోగొట్టి సంతోషపెడదామని. సేఠ్ ఎప్పటి ప్రశ్నే అడిగాడు. శ్రీశైలం ఎప్పటి జవాబే చెప్పాడు. స్నానం చేసి వచ్చిన ఆమె బల్ల మీద చెయ్యి పెడితే అక్కడ ఏమీ లేదు.

సాయంత్రానికి తెచ్చి బిగించాడట. "సూడు చెల్లె, కొత్తదానిలెక్క చేసిచ్చిండు సేఠ్" అన్నాడట. మానిటర్ మీద పచ్చని కొండల బొమ్మ. గొంతు లేదు.

స్క్రీన్ బంద్ చెయ్యుండ్రి

ఆదివారం పొద్దున నేను పోయేసరికి ఆమె అదే కుర్చీలో కూర్చుని ఉంది. సిస్టంతోపాటు వచ్చే గొంతును తనే తెలివిగా ఆన్ చేసుకుంది. అది ఇంగ్లీషు చదువుతోంది, తెలుగు వస్తే మూగబోతోంది. నేను ఆమె ప్రోగ్రాం మళ్లీ వేశాను, తెలుగు గొంతు వేశాను. బటన్ల పేర్ల ఫోల్డర్ కోసం వెతికాను. అప్‌గ్రేడ్ అయితే పాతదాని నకలు కొన్నాళ్లు ఒక మూల ఉంటుంది. ఇక్కడ అదీ లేదు. పోయినవాటిని తవ్వి తీసే పనిముట్లు నా దగ్గర ఉన్నాయి, వాటితోనూ చూశాను. ఏమీ రాలేదు.

పేర్లు మళ్లీ పెట్టుకుందామంటే కంపెనీ ప్రోగ్రాం డ్యూటీ వేళల్లో తప్ప తెరుచుకోదు. సోమవారం పరీక్షకు ఒక గంట ముందు తెరుస్తామన్నారు.

"సేఠ్ దగ్గరికి తీస్కపో అంకుల్" అంది శారద.

శ్రీశైలం ఆటోలో మిషను, మానిటర్ అన్నీ పెట్టుకుని ముగ్గురం దుకాణానికి పోయాం. సేఠ్ లేచి కుర్చీ వేశాడు. "ఏమైందమ్మా? డిస్‌ప్లే రాలేదా?" అని తనే వైర్లు పెట్టి ఆన్ చేశాడు. పచ్చని కొండలు వచ్చాయి. "అంత ఓకే ఉన్నది గదా!"

"స్క్రీన్ బంద్ చెయ్యుండ్రి సేఠ్."

"ఎందుకమ్మా?"

"చెయ్యుండ్రి."

చేశాడు.

"ఇప్పుడు మీరు నడిపియ్యుండ్రి. ఒక్క ఫైల్ తెరువుండ్రి."

సేఠ్ నా వైపు చూశాడు. నేను ఆయన వైపు చూడలేదు. మౌస్ మీద చెయ్యి వేసి, తీసి, ఇబ్బందిగా నవ్వాడు. "స్క్రీన్ లేకుంటె ఎట్ల నడుస్తదమ్మా?"

"నాకు దినాం గట్లనే నడుస్తుండె. నిన్నటి దాంక."

శ్రీశైలం తల దించుకున్నాడు. అప్పుడైనా సేఠ్ నోట్లోంచి తప్పయిందనే మాట వస్తుందని నేను ఎదురుచూశాను. ఆయన గొంతు సవరించుకుని, "మీ అన్న చెప్పాలె గదమ్మా మరి" అన్నాడు.

ఒక గంట

సోమవారం ఆ గంటలో శారద, నేను పక్కపక్కనే కూర్చున్నాం. గొంతు "బటన్" అంటుంది. నేను స్క్రీన్ చూసి అదేమిటో చెబుతాను. ఆమె పేరు పెడుతుంది. మళ్లీ "బటన్". ఒక తెర తెరిస్తే ఇంకో తెర, దానిలో మళ్లీ బటన్లు. సగం కూడా కాలేదు. టైం అయిపోయింది. పరీక్షలో పక్కన ఎవరూ ఉండకూడదన్నారు కాబట్టి నేను బయట అరుగు మీద కూర్చున్నాను. లోపల ఆమె గొంతు వినిపిస్తూనే ఉంది.

"చెప్పండి అన్నా, పత్తి ఆకు ఎర్రగా మారుతోందా? ఎన్నాళ్ల నుంచి?" నిలకడగా, మర్యాదగా అడుగుతోంది. ఆమెకు పంట గురించి ఎంత తెలుసో ఆ కొద్ది మాటల్లోనే తెలిసిపోతుంది. "ఒక్క నిమిషం లైన్‌లో ఉండండి" అంది. తర్వాత నిశ్శబ్దం. తర్వాత, "హలో? అన్నా? హలో?"

ఆపి ఉంచే బటన్ అనుకుని పెట్టేసే బటన్ నొక్కింది. రైతులా మాట్లాడుతున్న పరీక్షాధికారి కాల్ తెగిపోయింది. రెండో కాల్ బాగానే చేసింది కానీ ప్రతి బటన్ దగ్గరా ఆగి లెక్కపెట్టుకుంటూ చేసింది. ఆలస్యమైంది. సాయంత్రం కబురొచ్చింది. ఈసారికి తీసుకోలేదు. మళ్లీ ఎప్పుడు తీసుకుంటారో చెప్పలేదు.

నేను "ఇంకోసారి వస్తది బిడ్డా" అన్నాను. పనికిరాని మాట. నోట్లోంచి వచ్చాక నాకే సిగ్గేసింది.

"నేను ఇంట్లనే ఉంటి గదా అంకుల్" అంది. "యాడికి పోలే. ఒక్కసారి పిలిచి అడిగితె అయిపోతుండె."

ఈ పనిలోకి వచ్చే పిల్లలారా, నేను మీకు చెప్పేది ఇదొక్కటే. పెన్‌డ్రైవ్ పెట్టే ముందు అడగండి. మోసుకొచ్చినవాడిని కాదు, వాడేవాళ్లను అడగండి. ఫోన్ చేయించండి, లేకపోతే ఇంటికి పోండి. డెస్క్‌టాప్ చూడండి, దాచిన ఫోల్డర్లు చూడండి, ఫాంట్లు చూడండి. రోజూ ఏం పని చేస్తారో వాళ్ల చేత చేయించి చూడండి. మీకు అర్థం కాని ఫైల్ కనిపిస్తే పాడైందనుకోకండి, మీకు తెలియనిదేదో ఉందనుకోండి. ఆ తర్వాత అప్‌గ్రేడ్ చేస్తారో, ఫార్మాట్ కొడతారో మీ ఇష్టం. అడగడానికి టైం లేదనేవాడు ఈ పని మానుకుని ఇంకేదైనా చూసుకోవాలి. నా మాట కటువుగా ఉంటే ఉండనివ్వండి.

ఫాస్ట్

ఆ వారంలోనే శ్రీశైలం దుకాణానికి వచ్చాడు. ఆదివారం తెచ్చిన ఎక్స్‌టెన్షన్ వైరు ఒకటి అక్కడే మరిచిపోయారు, దాని కోసం. సేఠ్ బల్ల దగ్గర పని చేసుకుంటున్నాడు.

"ఏమాయె శ్రీశైలం, చెల్లె పరీక్ష?"

"పోయింది సేఠ్. తీస్కోలే."

"అయ్యో" అన్నాడు సేఠ్. మనసులోంచే అన్నాడు, అది నాకు తెలుసు. కాసేపు బాధగా తల ఊపాడు. తర్వాత అడిగాడు, "మరి సిస్టం ఫాస్ట్ నడుస్తుంది గదా?"

శ్రీశైలం వైరు చుట్టుకుంటూ ఆగాడు. పెద్దమనిషి అడిగాడు, ఏదో ఒకటి చెప్పాలి. "ఆఁ, ఫాస్ట్ అయితె మస్తున్నది సేఠ్" అన్నాడు.

సేఠ్ తృప్తిగా తల ఊపి, పక్కనున్న ఇంకో మిషనుకు పెన్‌డ్రైవ్ గుచ్చాడు. అది ఎవరిదని అడిగాను.

"ఎవలిదైతె ఏంది శంకరం? పొద్దుగాల ఎవలో ఇచ్చి పోయిండ్రు."

స్క్రీన్ మీద అంతా తుడిచేయమంటారా అనే ప్రశ్న వచ్చి నిలబడింది. నేను పెన్‌డ్రైవ్ పీకి ఆయన చేతిలో పెట్టి దుకాణం మెట్లు దిగాను. ఈ వృత్తిలో నేను చేసిన ఆఖరి పని అదే.